రెండో గ్రేడా, మూడో గ్రేడా

మా ప్రాంతంలో గ్రేడు అనే మాట మీద ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. పామర్రు చుట్టుపక్కల ధాన్యం పండించే వాళ్ళను అడిగితే తెలుస్తుంది. కళ్ళంలో ఎండబెట్టి, గుప్పిట్లోకి తీసుకుంటే గలగలలాడే ధాన్యాన్ని మిల్లుకు తీసుకెళ్తే, అక్కడి మిషను తేమ ఎక్కువుందంటుంది. ఊళ్ళో ఇంకో మిషను పెట్టి చూస్తే అంత లేదంటుంది. ధాన్యం అదే, సంచీ అదే. గ్రేడు వేసేవాడే కొనేవాడైనప్పుడు అది ఎటు మొగ్గుతుందో మా అల్లుడి ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకే మా మనవరాలి ఎడమ కిడ్నీ వాపు రెండో గ్రేడు నుంచి మూడో గ్రేడుకు పెరిగిందని చెప్పినప్పుడు నాకు ముందు కలిగింది భయం కాదు, అనుమానం. భయం మా అమ్మాయిది.

వాపు సంగతి పాప పుట్టకముందే తెలుసు. కడుపులో ఉండగా చేసిన స్కానింగులోనే ఎడమ కిడ్నీలో కాస్త నీరు నిలుస్తోందని చెప్పారు. పుట్టాక విజయవాడలో, గుణదల వైపున్న ఒక ఆసుపత్రిలో పిల్లల సర్జన్‌కు చూపించాం. ఆవిడను మా ఇంట్లో అందరం డాక్టరమ్మ అనే అంటాం. మొదటిరోజే ఒక తెల్ల కాగితం మీద చిక్కుడు గింజలాంటి బొమ్మ గీసి చెప్పారు. కిడ్నీ మధ్యలో ఒక గరాటు ఉంటుంది. దాని చుట్టూ చిన్న చిన్న గిన్నెలు. ఆ గిన్నెలకు పైన, మూత్రాన్ని తయారుచేసే కండ. కిందికి పోయే దారి ఇరుకైతే నీరు వెనక్కి నిలుస్తుంది. గరాటు మాత్రమే కొద్దిగా ఉబ్బితే ఒకటో గ్రేడు. గరాటు బాగా ఉబ్బి, ఒకటి రెండు గిన్నెలు కూడా తెరుచుకుంటే రెండు. గిన్నెలన్నీ ఉబ్బితే మూడు. ఆ ఉబ్బు పైనున్న కండను నొక్కి పలచబరిస్తే నాలుగు.

"అంటే కింద లాకు తలుపులు సరిగ్గా ఎత్తకపోతే ముందు పెద్ద కాలువ నిండి, తర్వాత పిల్ల కాలువలు నిండి, ఆఖరికి గట్లు పలచబడినట్టన్నమాట," అన్నాడు మా అల్లుడు. అతనికి పామర్రులో ఎరువుల కొట్టుంది, కొంత వ్యవసాయమూ ఉంది.

డాక్టరమ్మ పెన్ను ఆపి అతన్ని చూశారు. "మాదీ కాలువ కింద ఊరే లెండి. అలాగే అనుకోండి. ఒకటి, రెండు అయితే చాలామంది పిల్లల్లో వాటంతటవే సర్దుకుంటాయి. మూడైతే ఇంకో పరీక్ష చేయించి చూడాలి. నాలుగైతే చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది."

"మన పాపది?"

"రెండు. మందులేం అక్కర్లేదు. అప్పుడప్పుడూ స్కాన్ చేయించి చూసుకుంటూ ఉందాం."

మందులేం అక్కర్లేదన్న డాక్టరును నేను అంతకుముందు చూడలేదు. అప్పుడే కొంచెం అనుమానించాను.

పాపకు మూడేళ్ళు నిండబోయే దాకా ప్రతిసారీ రెండే. స్కానింగు మా ఇంటికి దగ్గర్లో, పటమటలోనే చేయించేవాళ్ళం. ఈమధ్య ఆ సెంటరు మూతపడింది. డాక్టరమ్మ దగ్గర చీటీలు రాసే అమ్మాయి వేరే సెంటరు పేరు రాసి ఇచ్చింది. సరిగ్గా ఆ పేరే డాక్టరమ్మ బల్ల మీదున్న పెన్నుల స్టాండు మీద నీలం అక్షరాల్లో ఉంది. నేను చూశాను. ఆ సెంటరుకు వెళ్తే కౌంటర్లో కూర్చున్న అమ్మాయి చీటీ అందుకుని, "ఓ, మేడం గారి పేషెంటా?" అని నవ్వింది. ఆ నవ్వునూ చూశాను.

ఆ రోజు మా అమ్మాయి పాపను తీసుకుని పొద్దున్నే పామర్రు నుంచి మా ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే మా ఆవిడ బార్లీ నీళ్ళు పట్టించడం మొదలుపెట్టింది. కిడ్నీ అనే మాట వినపడితే చాలు, మా ఇంట్లో బార్లీ పొయ్యి మీదికెక్కుతుంది. పైగా స్కానింగంటే కడుపు నిండా నీళ్ళు తాగి వెళ్ళాలన్నది మా ఇంటి ఆడవాళ్ళకు కంఠతా వచ్చిన పాఠం. మా అమ్మాయి గర్భంతో ఉన్నప్పుడు ఒకసారి వరసలో ఆగలేక బాత్రూముకు వెళ్ళొస్తే, లోపలి నర్సు కేకలేసి, మళ్ళీ సీసాడు నీళ్ళు తాగించి బయట కూర్చోబెట్టింది. ఆ కేకలు మా ఆవిడ మరిచిపోలేదు.

సెంటర్లో జనం కిక్కిరిసి ఉన్నారు. పాప విసిగించకుండా నేను బయట బండి మీద కొబ్బరిబొండం కొట్టించి తెచ్చాను. కాసేపటికి పాప కాళ్ళు దగ్గరగా పెట్టుకుని గెంతడం మొదలుపెట్టింది.

"ఆపుకో బంగారం, నీ పేరు పిలిచేస్తారు. నువ్వు పెద్దపిల్లవి కదూ," అంది మా ఆవిడ.

పెద్దపిల్ల ఆపుకుంది. రిపోర్టు మూడో గ్రేడు అని వచ్చింది.

గుణదల తీసుకెళ్తే, డాక్టరమ్మ రిపోర్టు చదివి, కాస్త నెమ్మదిగా మాట్లాడారు. ఐసోటోప్ స్కాన్ అని ఒకటుంది, నరంలోకి మందు ఎక్కించి అది కిడ్నీలోంచి ఎంత త్వరగా దిగిపోతోందో చూస్తారు, పిల్ల కదలకుండా పడుకోవాలి, అది చూశాక ఆపరేషన్ సంగతి ఆలోచిద్దాం అన్నారు. మా అమ్మాయి ఆ వాక్యంలో ఆపరేషన్ అన్న ఒక్క మాటే విన్నది. ఆటోలో పటమట దాకా పాప వీపు నిమురుతూనే ఉంది, ఎడమ పక్కన.

ఇంటికి రాగానే నేను మొదలుపెట్టాను. "పిల్ల గంతులేస్తోంది. జ్వరం లేదు, నొప్పి లేదు. ఇన్నాళ్ళూ రెండున్నది సెంటరు మారగానే మూడైంది. ఆ సెంటరు పేరు ఆవిడ బల్ల మీదే ఉంది."

"మీకు పాలవాడు నీళ్ళు కలపకపోయినా అనుమానమే," అంది మా ఆవిడ. "ఎందుకు కలపలేదా అని."

"నాన్నా, నువ్వన్నదే నిజమైతే నాకంటే సంతోషించేవాళ్ళుండరు," అంది మా అమ్మాయి. "కాకపోతే? నువ్వు వాళ్ళ బండారం బయటపెట్టేలోపు దాని కిడ్నీ పాడైతే? నాలుగు దాకా పోతే?"

నాకొక పద్ధతి ఉంది. పేపరాఫీసులో జిల్లా వార్తల డెస్కు మీద నా ఉద్యోగమంతా గడిచింది. ఒకే ప్రమాదం గురించి ఇద్దరు విలేకరులు రెండు అంకెలు పంపితే, ఇద్దరికీ ఫోన్ చేసేవాళ్ళం. ఒకడు చెప్పింది ఇంకొకడికి చెప్పకుండా అడగాలి. చెబితే రెండోవాడు మొదటివాడి అంకెకే తల ఊపేస్తాడు. ఆ రాత్రి పామర్రు నుంచి వచ్చిన అల్లుడికి ఈ సంగతి చెబితే వెంటనే ఒప్పుకున్నాడు.

"ఇది తేమ మిషను వ్యవహారమే మావయ్య గారూ. ఇంకో చోట పెట్టి చూద్దాం."

బస్టాండు వైపున్న మరో సెంటరుకు ఇద్దరమే పాపను తీసుకెళ్ళాం. డాక్టరమ్మకు చెప్పలేదు. పాత రిపోర్టులేమైనా ఉన్నాయా అని అక్కడి డాక్టరు అడిగితే లేవన్నాను. లోపలికి పిలిచేముందు పాప "నాన్నా, పాస్" అంది, అల్లుడు బాత్రూముకు తీసుకెళ్ళి తెచ్చాడు. అక్కడ వద్దనడానికి మా ఆవిడ లేదు. రిపోర్టు చేతికొచ్చింది. ఎడమ కిడ్నీ, రెండో గ్రేడు.

అల్లుడు మెట్ల మీదే నిలబడి మా అమ్మాయికి ఫోన్ చేశాడు. నేను ఆ కవరును చొక్కా లోపల పెట్టుకున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

మర్నాడు అందరం కలిసి గుణదల వెళ్ళాం. డాక్టరమ్మ బల్ల మీద రెండు రిపోర్టులూ పక్కపక్కన పరిచాను. ఏమీ మాట్లాడలేదు. అవతలి మనిషి ముందు మాట్లాడేదాకా ఊరుకుంటే చాలా సంగతులు బయటికొస్తాయి.

ఆవిడ రిపోర్టుల జోలికి పోలేదు. కవర్లలోంచి ఫిల్ములు లాగి, గోడ మీది లైటుకు తగిలించి, కళ్ళజోడు పైకి తోసి దగ్గరికెళ్ళి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత మొదటి ఫిల్ములో ఒక మూల నల్లటి గుండ్రాన్ని పెన్నుతో తాకారు.

"ఇదేంటో తెలుసా అండీ?"

"కిడ్నీలో నీరా?"

"కిడ్నీ కాదు. కింద మూత్రం సంచి. ఇందులో చూడండి, పుచ్చకాయలా ఉంది. ఇదిగో మీరు రహస్యంగా చేయించుకొచ్చిన దాంట్లో చూడండి, అసలు కనపడనే కనపడదు." మా ఆవిడ వైపు తిరిగారు. "అమ్మా, ఆ రోజు స్కానింగుకి ముందు పాపకేమైనా పట్టారా?"

"పట్టకుండా ఎలా తీసుకెళ్తానండీ?" అంది మా ఆవిడ, తనను పొగుడుతున్నారనుకుని. "బార్లీ నీళ్ళు పట్టాను, చలవ చేస్తుందని. తర్వాత ఈయన కొబ్బరిబొండం తెచ్చారు."

"మరి పాస్‌కి వెళ్ళిందా?"

"వెళ్తానని గోల చేసింది. నేనే ఆపాను. స్కానింగు కదండీ!"

డాక్టరమ్మ కుర్చీలో కూలబడి నుదురు పట్టుకున్నారు. నవ్వుతున్నారో విసుక్కుంటున్నారో కాసేపు తెలియలేదు.

"అది కడుపుతో ఉన్నవాళ్ళకి చెప్పే మాటమ్మా, అదీ తొలి నెలల్లో. పిల్లల కిడ్నీ వాపు చూడాలంటే సంచి ఖాళీగా ఉండాలి. కింద నిండిపోయి ఉంటే పైనున్నది దిగడానికి చోటేదీ? గరాటూ గిన్నెలూ ఉన్నదాని కంటే ఎక్కువ ఉబ్బి కనపడతాయి."

"సముద్రం పోటు మీదున్నప్పుడు మా మురుగు డ్రెయిన్లు వెనక్కి తన్నినట్టు," అన్నాడు అల్లుడు.

"మీ అల్లుడిగారిని ఇక్కడ ఉద్యోగంలో పెట్టుకోవాలండీ."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇంత తేలిగ్గా తేలిపోయే వివరణ అంటే నాకు గిట్టదు. "మరి ఆ సెంటరు వాళ్ళకి కనపడలేదా ఆ పుచ్చకాయ?" అన్నాను. "బాత్రూముకి పంపించి మళ్ళీ చూడొచ్చు కదా?"

"పంపించాలి. పంపించలేదు," అన్నారావిడ. "నేనూ ఆ రోజు రిపోర్టు చదివి మీతో మాట్లాడాను. ఫిల్ము ముందే చూసుండాల్సింది. అది ఒప్పుకుంటాను. కానీ మీరు తెచ్చిన ఈ రెండో గ్రేడుని కూడా పండగ చేసుకోకండి. వేరే మిషను, వేరే చెయ్యి. పాత ఫిల్ములు చూపించారా ఆయనకి?"

"లేదు."

"మరి ఆయన దేంతో పోల్చి చూస్తాడు? గ్రేడంటే ఒక్కరోజు అంకె కాదండీ. పోయినసారి ఎంత, ఈసారి ఎంత అన్నది ముఖ్యం."

నా అస్త్రం ఇంకొకటి మిగిలింది. "ఆ పెన్నుల స్టాండు మీద ఆ సెంటరు పేరుంది," అన్నాను. మా ఆవిడ బల్ల కింద నా మోకాలు గిల్లింది.

డాక్టరమ్మ స్టాండును చేతిలోకి తీసుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చూసి, అటు పక్కకు తిప్పారు. "ఇటు పక్క ఒక దగ్గు మందు పేరుంది. మా దగ్గరికొచ్చే పిల్లలకి దగ్గుండదు. నాకూ లేదు." దాన్ని మళ్ళీ యథాస్థానంలో పెట్టారు, నీలం అక్షరాలు నా వైపుకే ఉండేట్టు. ఆ జవాబుతో నా అనుమానం పూర్తిగా పోయిందని చెప్పలేను. ఇప్పటికీ పోలేదు.

"ఇవాళ కూడా బార్లీ నీళ్ళేనా?" అని మా ఆవిడని అడిగారు.

"కొంచెం," అంది మా ఆవిడ, ఈసారి చిన్న గొంతుతో.

"మంచిదే అయింది. రండి."

పక్క గదిలో ఆవిడకు ఒక చిన్న స్కానింగు మిషనుంది. పాపను బోర్లా పడుకోబెట్టి వీపు మీద జెల్లు రాశారు. చల్లగా తగిలి పాప కెవ్వుమంది, తర్వాత నవ్వింది. తెర మీద బూడిదరంగు పొగలా ఏదో కదిలింది. డాక్టరమ్మ దాన్ని ఒకచోట ఆపి, "గరాటు. చుట్టూ గిన్నెలు. ఎన్ని తెరుచుకున్నాయో మీరే చూడండి," అన్నారు నాతో. నల్లటి మడుగు చుట్టూ నల్లటి గుంటలు. అన్నీ తెరుచుకునే ఉన్నాయి. ఆ నిమిషంలో పెన్నుల స్టాండూ గుర్తులేదు, కౌంటరులో అమ్మాయి నవ్వూ గుర్తులేదు.

"మూడే కదండీ ఇది," అంది మా అమ్మాయి.

"ఇప్పటికి మూడే. తీసుకెళ్ళి పాస్ పోయించి తీసుకురా."

వాళ్ళు తిరిగొచ్చేదాకా అల్లుడు గోడ మీద వేలితో ఏదో గీతలు గీస్తూనే ఉన్నాడు. కాలువలై ఉంటాయి.

పాపను మళ్ళీ పడుకోబెట్టారు. మళ్ళీ జెల్లు, మళ్ళీ కెవ్వు. ఈసారి మడుగు చిన్నదైంది. గుంటలు ఒక్కొక్కటే మూసుకుపోయి, చివరికి రెండు మిగిలాయి. చుట్టూ ఉన్న కండను డాక్టరమ్మ మిషనుతో కొలిచి, కుడి కిడ్నీది కూడా కొలిచి పోల్చారు. రెండు పక్కలా మందం ఒకటే.

"రెండు," అన్నారు. "ఐసోటోప్ ఇప్పుడొద్దు. మూడు నెలల తర్వాత ఇక్కడే, ఈ మిషను మీదే, నేనే చూస్తాను. సంచి ఖాళీ చేయించి తీసుకురండి. ఈలోపు జ్వరం వస్తే మాత్రం మామూలు జ్వరమే అని ఇంట్లో కూర్చోకండి, వెంటనే వచ్చేయండి. అప్పటికి ఖాళీ సంచితో కూడా మూడు కనపడితే ఇక వాదనల్లేవు, ఆ పరీక్ష చేయిద్దాం."

"ఐసోటోప్ ఎందుకొద్దు?" అన్నాను.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"మొన్న చేయించాలంటే ఇంకో సెంటరుకి పరిగెత్తారు. ఇవాళ వద్దంటే ఎందుకొద్దంటున్నారు," అన్నారు డాక్టరమ్మ. "మీరు పేపర్లో ఏం రాసేవారండీ?"

"రాసేవాణ్ణి కాదు. రాసినవాళ్ళవి కొట్టేసేవాణ్ణి."

ఆ సాయంత్రం మా ఇంట్లో పూర్ణాలు వండారు. నేను తిన్నాను, కానీ నాకు కుదురుగా లేదు. చెడ్డవార్త వచ్చినప్పుడు ఇంకొక చోట కనుక్కున్నవాణ్ణి, మంచివార్త వచ్చినప్పుడు ఒక్కరి మాట మీద ఎలా ఊరుకోను? డెస్కు మీద మేం ఎక్కువగా అనుమానించింది ప్రమాద వార్తల్ని కాదు, అంతా సవ్యంగా ఉందని వచ్చే ప్రకటనల్ని. వరద వచ్చినప్పుడు గట్లన్నీ భద్రంగా ఉన్నాయని కబురొస్తే, ముందు ఆ గట్టు పక్క ఊరికే ఫోన్ చేసేవాళ్ళం.

ఆ మూడు నెలలూ నేను పామర్రుకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. మా అమ్మాయి ఫోనెత్తుతూనే హలో అనడం మానేసింది. "జ్వరం లేదు నాన్నా" అని మొదలుపెట్టేది. ఒకసారి పాపకు ఒళ్ళు వెచ్చబడింది. అల్లుడు కొట్టు మూసేసి నేరుగా గుణదల తీసుకొచ్చాడు. మూత్రం పరీక్ష చేస్తే ఏమీ లేదు, ఉత్త జలుబు. "ఇలా రావడమే మంచిది," అన్నారట డాక్టరమ్మ. మా ఆవిడ బార్లీ డబ్బాను పై అరలోకి మార్చింది కానీ పారేయలేదు.

గడువుకు మళ్ళీ అందరం వెళ్ళాం. స్కానింగుకు ముందు పాపను బాత్రూముకు తీసుకెళ్ళే పని మా ఆవిడ ఒక్కదాని చేతిలో పెట్టడం నాకిష్టం లేకపోయింది. నేనే వెంట వెళ్ళి తలుపు బయట నిలబడ్డాను. మా ఆవిడ లోపల కుళాయి సన్నగా తిప్పి, ఆ చప్పుడుకు పిల్లకు వస్తుందని, పక్కన కూర్చుంది.

"అయిందా?" అన్నాను బయటి నుంచి.

"అయింది తాతా."

"మొత్తం అయిందా?"

"మొత్తం అయింది."

"ఇంకొకసారి కూర్చోబెట్టు."

"రావట్లా తాతా!" అని లోపలి నుంచి ఏడుపు గొంతు. ఆ వెనకే మా ఆవిడ గొంతు: "పాపం, పిల్లని కూడా నమ్మరా మీరు?"

నమ్మలేదు. ఇంకొకసారి కూర్చోబెట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

గదిలో డాక్టరమ్మ పాత ఫిల్ములన్నీ వరసగా లైటుకు తగిలించి ఉంచారు. పాప ఈసారి జెల్లుకు కెవ్వుమనలేదు. మా అమ్మాయి పాప పాదం పట్టుకుని నిలబడింది, తెర వైపు చూడకుండా. డాక్టరమ్మ ఎడమ పక్కన మిషను ఆనించారు. ఒకసారి తెర చూస్తారు, ఒకసారి గోడ మీద ఫిల్ము చూస్తారు, మళ్ళీ తెర.

"పెరగలేదు," అన్నారు చివరికి. "రెండు గిన్నెల్లో ఒకటి మూసుకుంది కూడా. కండ బాగుంది."

మా అమ్మాయి పాదం వదిలేసి అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయింది. అల్లుడు "హమ్మయ్య" అన్నాడు. నేను నోరు తెరవబోయాను.

"ఉండండి, తెలుసు," అన్నారు డాక్టరమ్మ. పాపను వెల్లకిలా తిప్పి, బొడ్డు కింద మిషను ఆనించి, నేను అడగకముందే తెరను నా వైపు తిప్పారు. "ముందు ఇది చూసుకోండి. సంచి ఖాళీగా ఉందా, లేదా?"

జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, తెర దగ్గరికి వంగి చూశాను.